రెండు చుట్ల కాగితం

శ్రీకాకుళం,
12 జూలై 2015

చంద్రశేఖరం మాస్టారికి హరిబాబు నమస్కారాలు.

ఫోను చేస్తే మీ అమ్మాయి రాగసుధ తీసింది. మీకు కుడిచెవి పూర్తిగా పోయిందని, ఎడమచెవికి పెట్టిన మిషను ఈల వేస్తోందని దాన్ని తీసి డ్రాయరులో పడేశారని చెప్పింది. అందుకే కాగితం మీద పడ్డాను. ఎలాగూ ఇది బొమ్మలు గీసి మాట్లాడుకోవలసిన సంగతి. పాలిటెక్నిక్ వదిలి పాతికేళ్ళయినా మీ దగ్గరికి లెక్క కోసమే వస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా గున్నమ్మక్క మీకు గుర్తుండే ఉంటుంది. మీరు పొందూరు వచ్చినప్పుడు మా ఇంట్లో భోంచెయ్యరని తెలిసి, అరటిపళ్ళూ మజ్జిగా తెచ్చిపెట్టిన మనిషి. నూలు వడికి నన్ను చదివించింది ఆవిడే. పదకొండో ఏట రాట్నం ముందు కూర్చుంది, ఇప్పుడు యాభై ఎనిమిది. మా ముందుగదిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళతో కలిసి వడుకుతుంది. వాలుగ చేప దవడతో దూది దువ్వుతారు కదా, అప్పుడు లేచే నూగు గదంతా తేలుతూ ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ నూగే పీల్చింది. రెండేళ్ళుగా దగ్గు, ఈ ఏడు ఆయాసం కూడా. డాక్టరు దూది మానెయ్యమన్నాడు. "దూది మానీసి నానేటి సెయ్యాల? గోడకేసి సూస్తూ కూకోవాలా?" అని ఆయన ముఖానే అడిగేసింది.

టీవీ తెర దుమ్మును ఎందుకు లాగుతుందో మీరు క్లాసులో చెప్పారు. ఆ పని గదిలో చెయ్యిద్దామని నా ఆలోచన. సన్నటి తీగలకి ఆరువేల వోల్టులు ఇచ్చి, పక్కన రేకులు పెడితే నూగు రేకులకి పట్టేస్తుంది. తీగలు, రేకులు అమర్చుకోగలను. ఆరువేల వోల్టులు పుట్టించే చిన్న సప్లై మాత్రం నాకు చేతకావడం లేదు. పాత టీవీల్లో కాయిళ్ళు వాడి చూశాను, రెండూ గంటలో కాలిపోయాయి. ఈ పనికోసమే లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇక్కడ నా రిపేరు షాపు వెనక ముప్పై డబ్బా టీవీలు పడున్నాయి, బాగుచేయించుకునే వాళ్ళు లేరు. తీగ చుట్టడానికి వాటి ఫెర్రైట్ కోర్లు ఎన్నయినా ఉన్నాయి.

లెక్క మీరు వేసివ్వండి మాస్టారూ. అక్క రాట్నం మానదు, దగ్గు అక్కని మానదు.

మీ
హరిబాబు

*

విజయనగరం,
27 జూలై 2015

చి. హరికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మూడురోజులు భోజనం వేళ తప్పాను. రాగసుధ నామీద కేకలు వేస్తోంది. నాకు వినపడవు కాబట్టి ఆ బాధ లేదు. తొమ్మిదేళ్ళయింది రిటైరై. ఈ తొమ్మిదేళ్ళలో నన్నెవరూ ఒక్క లెక్క అడగలేదు. బీపీ ఎంత అని అడుగుతారు, అంతే.

లెక్క నాలుగు పేజీలు, బొమ్మ ఒకటి జతచేశాను. సారాంశం ఇక్కడ రాస్తున్నాను. పన్నెండు వోల్టుల బ్యాటరీని సెకనుకు ముప్పైవేల సార్లు అటూ ఇటూ తిప్పుతావు. అంత వేగంగా తిప్పితే చిన్న కోరు సరిపోతుంది. నీ టీవీ కోరుకి చుట్టుకి రెండు వోల్టులు వస్తాయి. బ్యాటరీ వైపు తీగ, అంటే ప్రైమరీ, ఆరు చుట్లు. అవతలి వైపు సెకండరీ, మూడువేల వోల్టులకి పదిహేనువందల చుట్లు. డయోడ్లు, కెపాసిటర్లతో దాన్ని రెట్టింపు చేసుకుంటే నీకు కావలసిన ఆరువేలు.

పదిహేనువందల చుట్లు ఒకే వరసలో పట్టవు. వరసకి రెండువందల యాభై చొప్పున ఆరు వరసలు. ఒక వరస ఎడమ నుంచి కుడికి చుట్టి, కాగితం వేసి, దానిమీద కుడి నుంచి ఎడమకి వస్తావు. వరసకీ వరసకీ మధ్య అయిదువందల వోల్టులు. నేను రాసిన ఇన్సులేషన్ కాగితం ఒక్క చుట్టు దానికి సరిపోతుంది.

గదిలో తీగల వైపు పెద్ద రెసిస్టర్ తప్పకుండా పెట్టు. అప్పుడు ఎవరి చెయ్యి తగిలినా చిమచిమ తప్ప ప్రమాదం ఉండదు, నిప్పురవ్వా పుట్టదు. దూది ఉన్న ఇల్లని మరిచిపోకు.

ఇక చుట్టడం మాట. తీగ నలభై గేజు, తలవెంట్రుక కంటే కాస్త లావు. నువ్వు ల్యాబులో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టినప్పుడు అది పిచ్చుకగూడులా ఉండేది. ఎవరైనా నిదానస్తుణ్ణి వెతుక్కో.

నీ
చంద్రశేఖరం

*

పొందూరు,
6 సెప్టెంబరు 2015

మాస్టారికి నమస్కారాలు.

మీరు వెతుక్కోమన్న నిదానస్తుడు మా ఇంట్లోనే దొరికాడు. నా చేతిలో తీగ నాలుగుసార్లు తెగింది. అయిదోసారి అక్క చూసి, "అవతలకి జరగరా, గొడ్డుని లాగినట్టు లాగుతున్నావు" అని నన్ను లేపేసింది.

రాట్నం కదురు తీసి ఆ చోట కాయిలు గొట్టం బిగించింది. కుడిచేత్తో చక్రం, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య తీగ. ఏభై చుట్లకొక చింతపిక్క పక్కన పెట్టుకుంది. అయిదు పిక్కలు అయితే వరస పూర్తి. చుట్టు పక్కన చుట్టు ఎలా పడిందంటే, భూతద్దంలో చూసినా మధ్యలో సందు కనిపించలేదు. మిగతా ఆడవాళ్ళు పని మానేసి చుట్టూ చేరారు. లక్ష్మణమ్మ అయితే "ఈ నూలుతో సీర నేస్తే ఎంత బరువుంటాదో" అంది.

ఒక్కసారి మాత్రం తెగింది, నాలుగో వరస మధ్యలో. నూలు తెగితే వీళ్ళు కొనలు కలిపి మెలిపెట్టి అతుకుతారు కదా, ఆ అతుకు ఎక్కడుందో నేతగాడికి కూడా దొరకకూడదు, అది వాళ్ళ పట్టింపు. అక్క తీగనీ అలాగే అతికింది. వాలుగ పంటితో పైపూత గీకి, కొనలు మెలిపెట్టింది. నేను టంకం చుక్క తాకించి, చిన్న కాగితం ముక్క చుట్టాను. ఇప్పుడది ఎక్కడుందో నాకే తెలియడం లేదు.

మూడు వరసలు విప్పి మళ్ళీ చుడతానని కూడా అంది. ఎందుకంటే, కాగితం ఒక్క చుట్టే వెయ్యడం ఆవిడకి నచ్చలేదు. "ఇంత పల్సటి కాయితం ఒక్కటేనా? రెండు సుట్లు ఎయ్యరా, ఏటి పోయింది?" అంది. మాస్టార్ని అడిగి చెబుతానన్నాను. కాయిలు అలాగే ఆపి ఉంచాం. ఏం చెయ్యమంటారు?

మీ
హరి

*

విజయనగరం,
11 సెప్టెంబరు 2015

చి. హరికి,

గున్నమ్మగారి చేతికి నా నమస్కారమని చెప్పు. మా నాన్న వయొలిన్‌కి తీగ బిగిస్తున్నప్పుడు వేళ్ళు అలాగే ఆడేవి.

కాగితం మాత్రం ఒక్క చుట్టే. ఉప్పు ఇంకో చిటికెడు పడితే పోయేదేముందనుకోవడానికి ఇది పప్పు కాదు. వరసల మధ్య దూరం పెరిగితే ప్రైమరీకీ సెకండరీకీ మధ్య పట్టు సడలుతుంది. అయిదువందల వోల్టులకి ఒక్క చుట్టు ధారాళంగా సరిపోతుంది. లెక్క వేసింది నేను. ఆవిడని చుట్టడం మీద దృష్టి పెట్టమను.

పని పూర్తి కాగానే రాయి.

చంద్రశేఖరం

*

పొందూరు,
15 నవంబరు 2015

మాస్టారికి,

పనిచేస్తోంది.

మీరన్నట్టే ఒక్క చుట్టు కాగితంతో కాయిలు ముగించి, దాని పెట్టె గోడకి బిగించి దసరా మర్నాడు స్విచ్చి వేశాను. మొదటిరోజు సాయంత్రానికి రేకులు తెల్లగా బొచ్చు పట్టాయి. వడికే వాళ్ళలో నారాయణమ్మ చీపురుతో తుడిచి దోసిలి నిండా చూపించింది. "ఇదంతా మన గుండెల్లోకి ఎల్లిందేనా?" అంది.

వారానికి అక్క దగ్గు తగ్గింది. ఇరవై రోజులు కాకముందే దిండు ఎత్తు తగ్గించి పడుకుంటోంది. పక్కవీధిలో వడికే ఇద్దరు కూడా దూది ఏకుల బుట్టలు పట్టుకుని మా ముందుగదికే వస్తున్నారు. మిమ్మల్ని చూపించమని అడుగుతున్నారు. మీ పాత ఫొటో ఒకటి ఉంటే చూపించాను, ఆ మీసాలు చూసి నవ్వుకున్నారు.

అక్క మీకొక మాట రాయమంది. "మాస్టారు నెక్క ఏసినారు, నాను సుట్టినాను. సెరి సగం" అట.

మీ
హరి

*

పొందూరు,
16 డిసెంబరు 2015

మాస్టారికి,

ఈ ఉత్తరం రాయడానికి వారం పట్టింది.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళిన వేళ ముందుగది అంటుకుంది. నేను శ్రీకాకుళంలో షాపులో ఉన్నాను. అక్క పెరట్లో ఉంది. మొదట పెట్టెలోంచి చిటపట వినిపించిందట, ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మంట. పెట్టె కన్నాల్లోంచి నూగు లోపలికి చేరింది. అది నేను చూసుకోవలసింది. కాయిలు లోపల నిప్పు పుట్టి, ఆ నూగు అంటుకుని, కిందున్న ఏకుల బుట్టల్లోకి పడింది. దూదికి ఎంతసేపు కావాలి?

ప్రాణాలకి ఏమీ కాలేదు. అక్క పొగ మింగి నాలుగురోజులు ఆసుపత్రిలో ఉంది. దగ్గు మళ్ళీ మొదటికొచ్చింది. ఏడుగురి దూదీ పోయింది, మూడు రాట్నాలు పోయాయి. వాటిలో ఒకటి మా అమ్మది. దానిమీదే ఆ కాయిలు చుట్టింది.

ఇంటికి రాగానే అక్క అందర్నీ పిలిపించింది. కాలిన గది గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఓలమ్మలారా, తీగ ఒకపాలి తెగింది. నానే అతికినాను. ఆ అతుకు ఇడిపోయింది. నా సెయ్యి తప్పింది, మీ అందరి కడుపు కొట్టినాను" అంది. నేను కాదన్నాను. ఇంకేమై ఉంటుందో చెప్పమంది.

అలా జరగడానికి వేరే కారణం ఏమైనా ఉందా మాస్టారూ? మీ లెక్క కాగితాలు ఒకసారి చూసి రాయండి. ఆవిడకి చెప్పాలి.

హరి

*

విజయనగరం,
2 జనవరి 2016

చి. హరికి,

ఏమి రాయాలో తోచడం లేదు. ప్రాణాలు దక్కాయి, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. గున్నమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త.

నువ్వు అడిగినదాని గురించి. హై వోల్టేజిలో ఇలాంటివి జరుగుతాయి. సముద్రపు గాలి, చెమ్మ, ఎన్నో కారణాలు. అతుకు ఎంత బాగా వేసినా అతుకే. అయినా ఆవిడని తప్పుపట్టకు, తెలిసి చేసింది కాదు.

కాలిన కాయిలు విప్పి చూడాలని నీకు అనిపించవచ్చు. అందులో ఏమీ తెలియదు, అంతా బొగ్గే. పారెయ్యి.

నాకు కొంచెం నలతగా ఉంది. మళ్ళీ రాస్తాను.

చంద్రశేఖరం

*

పొందూరు,
12 ఏప్రిల్ 2016

మాస్టారికి నమస్కారాలు.

జనవరి తరవాత మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆరోగ్యం కుదుటపడిందని తలుస్తాను.

ఇక్కడ ఆడవాళ్ళు లక్ష్మణమ్మ వసారాలో వడుకుతున్నారు. ఖాదీ సంఘంవాళ్ళు దూది మళ్ళీ ఇచ్చారు. ఉగాదికి అందరూ కలిసి అక్కకి ఒక రాట్నం సంపాదించి తెచ్చారు. ఎవరిదో పాతది, బాగుచేయించారు. అక్క దానికి బొట్టు పెట్టి, వెనక్కి పంపేసింది. "నా సెయ్యి నమ్మకూడదమ్మా" అంది. డాక్టరు చెప్పినా మానని మనిషి ఆ ఒక్క మాటతో మానేసింది. పూలు కట్టమన్నా కట్టదు. సూదిలో దారం ఎక్కించమంటే పక్కింటి పిల్లని పిలుస్తుంది. గోడకేసి చూస్తూ కూర్చుంటోంది.

మీ జనవరి ఉత్తరం ఆవిడే చదివించుకుంది. "అతుకు ఎంత బాగా వేసినా అతుకే" అన్నచోట నన్ను ఆపి, "సూసావా, మాస్టారూ అదే అన్నారు" అంది.

కాయిలు పారెయ్యలేదు. షాపులో అలమార మీద ఉంది. మీరు నాకు రాయవలసింది ఏమైనా ఉంటే రాయండి.

హరిబాబు

*

విజయనగరం,
20 జూలై 2016

హరీ,

నిన్న గురుపూర్ణిమ. పాత విద్యార్థులు పదిమంది ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, భుజాలమీద పొందూరు ఉత్తరీయం కప్పారు. ఆ బట్ట మెడకి తగలగానే తీసెయ్యబోయాను, వాళ్ళు తియ్యనివ్వలేదు. వాళ్ళు నా గురించి ఏదో మాట్లాడుతున్నారు. వినపడలేదు, అదే నయమనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఉత్తరీయం మడతపెట్టి బల్లమీద పెట్టుకుని దానిముందు కూర్చున్నాను. ఈ ఉత్తరం డిసెంబరులో రాయవలసింది.

మీ అక్క అతుకు విడిపోలేదు. నా లెక్క తప్పు.

ఆరోజు నీ ఉత్తరం రాగానే నాలుగు పేజీలూ తీశాను. తప్పు కనిపించడానికి పది నిమిషాలు పట్టింది. వరసకి అయిదువందల వోల్టులు కాబట్టి వరసకీ వరసకీ మధ్య అయిదువందలని రాసిచ్చాను. కానీ ఒక వరస ఎడమ నుంచి కుడికి వెళ్ళి, పై వరస కుడి నుంచి ఎడమకి తిరిగొస్తే, ఎడమకొసన ఏమవుతుంది? కింద ఉన్నది వెళ్ళేటప్పటి మొదటి చుట్టు, దానిమీద పడింది తిరిగొచ్చేటప్పటి చివరి చుట్టు. ఆ రెండింటి నడుమ రెండు వరసల చుట్లున్నాయి. అంటే వెయ్యి వోల్టులు. నేను వేయించిన కాగితం దాన్ని ఆపగలిగేది కాదు. కొన్నాళ్ళు ఆగిందంటే అది మీ అక్క చుట్టిన తీరువల్ల ఆగి ఉంటుంది.

ఇది గొప్ప రహస్యమేమీ కాదు. రెండో సంవత్సరం పిల్లలకి ముప్పై ఏళ్ళు బోర్డుమీద బొమ్మ వేసి చెప్పిన పాఠం. నీకూ చెప్పాను.

పైగా మీ అక్క రెండు చుట్లు వెయ్యమంది. రెండో చుట్టు వేస్తే పట్టు సడలేది పిసరంత, నాకు తెలుసు. అయినా కాగితం మీద లెక్క వేసినవాణ్ణి నేను, వడికే ఆవిడ చెబితే వినడమేమిటనుకున్నాను. ఉప్పు, పప్పు అని వేళాకోళం కూడా ఆడాను.

డిసెంబరులో ఎందుకు రాయలేదంటే, సిగ్గు. తొమ్మిదేళ్ళ తరవాత ఒకడు లెక్క అడిగాడు, అదే తప్పిందని ఎలా రాయను? మొదట మర్నాడు రాద్దామనుకున్నాను. తరవాత జనవరిలో ఆ దిక్కుమాలిన ఉత్తరం రాశాను. కాయిలు పారెయ్యమన్నది నువ్వు విప్పి చూస్తావన్న భయంతో. ఏప్రిల్లో నువ్వు రాసినదాంట్లో నా మాట ఆవిడ నోటివెంట విన్నాక, ఇంక కలం పట్టుకోలేకపోయాను. ఏడు నెలలు ఆవిడ నా తప్పుని తన చేతిమీద మోసింది.

నన్ను తిట్టు. కానీ ముందు ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించు.

చంద్రశేఖరం

*

పొందూరు,
29 జూలై 2016

మాస్టారికి,

చదివి వినిపించాను.

అంతకంటే ముందు నేనూ ఒకటి చెప్పాలి. పారెయ్యమని మీ ఉత్తరం వచ్చిన మూడోరోజే, జనవరిలో, కాయిలు విప్పాను. పై వరసలు మసిబారాయి గానీ లోపల తీగ మిగిలే ఉంది. అక్క అతుకు మీటరు పెట్టి చూశాను, చెక్కుచెదరలేదు. కాలింది రెండో వరసకీ మూడో వరసకీ మధ్య, కొసన. కాగితంలో మినపగింజంత బొక్క. అది చూడగానే మీ బోర్డుమీద బొమ్మ గుర్తొచ్చింది.

అప్పుడే అక్కకి చెప్పవలసింది. చెప్పలేదు. మీరే రాస్తారని చూశాను. మాస్టారి లెక్క తప్పని నా నోటితో అనడం మర్యాద కాదనుకున్నాను. ఏప్రిల్లో ఉత్తరం రాసినప్పుడు కూడా మీకు దారి చూపించాననుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే అది మర్యాద కాదు, పంతం. మీతో పంతం పట్టి అక్కని గోడముందు కూర్చోబెట్టాను.

అక్క అంతా వింది. తరవాత ఆ అతుకు ఏదీ అని అడిగింది. తెచ్చిచ్చాను. తీగని గోటిమీద లాగి చూసుకుంది. కంటికి కనిపించడం లేదు, వేలికి దొరికింది. "ఇదిగో" అంది.

అప్పుడు ఇలా అంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నెక్క తప్పడం ఏటి, ఎవులికైనా తప్పుతాది. కానీ నాను నలుగుర్లో నిలబడి నా సెయ్యి తప్పిందని ఒప్పుకున్నాను. కాయితం మీద రాసీస్తే సరిపోదు. మాస్టార్ని రమ్మను. ఆ నలుగుర్లోనే నిలబడి, గున్నమ్మ సెయ్యి తప్పలేదని సెప్పమను."

రావడం మానడం మీ ఇష్టం. నేను బలవంతపెట్టను.

హరి

*

విజయనగరం,
24 ఆగస్టు 2016

చి. హరికి,

క్షేమంగా చేరాను. రైలు ఎక్కించి నువ్వు కిటికీ దగ్గర ఏదో అన్నావు. చేరగానే ఉత్తరం రాయమన్నావనుకుని రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు బోర్డు ముందు నిలబడ్డవాణ్ణి, లక్ష్మణమ్మగారి వసారాలో తొమ్మిదిమంది ఆడవాళ్ళ ముందు గుంజ పట్టుకుని నిలబడ్డాను. రాట్నాలు ఆపేసి అందరూ నావైపు చూస్తూంటే, ఇంట్లో రాసుకెళ్ళిన నాలుగు వాక్యాలూ మరిచిపోయాను. లెక్క నేను తప్పువేశాను, గున్నమ్మగారు రెండు చుట్లు వెయ్యమంటే వద్దన్నాను, తెలిసి కూడా ఏడు నెలలు నోరు మూసుకున్నాను, ఆవిడ చెయ్యి తప్పలేదు. అంతే అన్నట్టు గుర్తు. గట్టిగా అన్నానో, మెల్లగా అన్నానో కూడా నాకు తెలియదు. నారాయణమ్మగారు కళ్ళొత్తుకోవడం చూసి, వినపడిందనుకున్నాను.

ఎవరో తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే పెదవులు చూసి తెలుసుకునేవాణ్ణి. మజ్జిగ తెచ్చిచ్చారు. తాగాను. ఈసారి అన్నం పెట్టినా తినేవాణ్ణి.

ఒక్కటి అడగాలి. వెళ్ళబోతున్నప్పుడు గున్నమ్మగారు దగ్గరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారు. చిన్న గొంతుతో, ఆగి ఆగి చెప్పారు. ఆయాసం కాబోలు. మళ్ళీ చెప్పమని అడగడానికి మొహమాటపడి, "అలాగేనమ్మా" అని తల ఊపాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, చెయ్యి వదిలేసింది. క్షమించానని చెప్పి ఉంటారని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చాక నాకు అనుమానం పట్టుకుంది.

ఆవిడ ఏమన్నారు?

చంద్రశేఖరం

*

పొందూరు,
3 సెప్టెంబరు 2016

మాస్టారికి నమస్కారాలు.

రైలు కిటికీ దగ్గర నేను చెప్పింది కూడా అదే, అక్క ఏమన్నదో. మీకు వినపడలేదని మీ చూపు బట్టి తెలిసింది. రైలు కదిలింది, ఊరుకున్నాను.

మీరు అడగకపోతే రాయకూడదనుకున్నాను. అడిగారు. ఇద్దరం ఇప్పటికే చాలా దాచుకున్నాం, ఇదొకటి దాచలేను.

మీరు రావడానికి వారం ముందు అక్క లక్ష్మణమ్మ రాట్నం అడిగి తెప్పించుకుంది. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. నేను బయటినుంచి చూశాను. ఏకు పట్టుకుంది, చక్రం తిప్పింది. జానెడు నూలు వచ్చి తెగింది. అతికింది. మళ్ళీ తెగింది. ఎనిమిది నెలలు మానేసిన వేళ్ళు బిగుసుకుపోయాయి, చక్రం నాలుగు తిప్పులు తిప్పేసరికి ఊపిరి అందలేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని, రాట్నం తుడిచి తిరిగి పంపించేసింది.

మీ చెయ్యి పట్టుకుని ఆవిడ అన్నది ఇది. "మాస్టారూ, వచ్చి సెప్పినారు, నా తల ఎత్తినారు. కానీ ఈ మాట ఉగాదికి సెప్పీసుంటే, ఆళ్ళు తెచ్చిన రాట్నం పట్టీసుందును. ఇప్పుడు సేతికి రాట్లేదు."

అంటున్నంతసేపూ ఆవిడ చెయ్యి మీ చేతిలో ఉంది, చూపు మాత్రం నామీద ఉంది. ఉగాదినాడు ఆ రాట్నానికి అక్క బొట్టు పెడుతూంటే నేను పక్కనే ఉన్నాను. విప్పిన కాయిలు అప్పటికే నా షాపు అలమార మీద ఉంది.

మీరు అలాగేనమ్మా అన్నారు. నేను అదీ అనలేదు.

హరిబాబు